తోలేవాడికి కనబడని దీపం: సూర్యాపేట జిల్లా రవాణా అధికారికి బహిరంగ లేఖ

సూర్యాపేట జిల్లా రవాణా అధికారి గారికి,

కోతలు మొదలయ్యాయంటే మా పాలకీడు మండలంలో ట్రాక్టర్లకు రాత్రే అసలు పని. పగలంతా మిషను కోస్తుంది. పొద్దుగూకే వేళకు వడ్లు ట్రాలీకెక్కుతాయి. పైన పట్టా కప్పి, తాళ్లు బిగించి నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ మిల్లుల దారి పడతారు. అదే రోడ్డు మీద సిమెంటు లారీలు, షిఫ్టు దిగి ఇంటికి పోయే మోటార్ సైకిళ్లు, జాన్‌పహాడ్ దర్గాకు వచ్చిపోయే ఆటోలు. ఈ బండ్ల వెనకాల కాసేపు పోయి చూడండి. బ్రేకు తొక్కినప్పుడు వెలగాల్సిన ఎర్ర దీపం చాలావాటికి వెలగదు. ట్రాలీల్లో కొన్నిటికి అసలు దీపమే ఉండదు.

చలాన్లు రాయమని ఈ లేఖ రాయడం లేదు. చలానా కట్టినవాడు రసీదు జేబులో పెట్టుకుని అదే చీకటి బండితో ఇంటికి పోతాడు. నేనడిగేది మరమ్మతు. కొన్ని పదుల రూపాయల బల్బుతో, కాస్త గరుకు కాగితంతో, పది నిమిషాల ఓపికతో అయ్యే మరమ్మతు. అది బండ్లు గుమికూడే చోట, గుమికూడే వేళకు జరిగేలా మీ శాఖ పూనుకోవాలని అడుగుతున్నాను.

2024 ఏప్రిల్ 25 తెల్లవారుజామున కోదాడ దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి మీద ఆగి ఉన్న లారీని వెనక నుంచి కారు గుద్దింది. ఒకే కుటుంబంలో ఆరుగురు పోయారు. ఏ ప్రమాదానికైనా కారణాలు పలు రకాలు, వాటిని తేల్చడం పోలీసుల పని. నేను లెక్క ఒకటే చెబుతాను. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. డిమ్ లైటులో, దీపాల్లేని ట్రాలీ కంటికి ఆనేది మహా అయితే 40, 50 మీటర్ల దూరంలో. అది ఆగి ఉంటే డ్రైవరుకు మిగిలేది రెండు సెకన్ల లోపు. కంటికి ఆనింది ఏమిటో తెలిసి, కాలు బ్రేకు మీద పడేసరికే ఒకటి, ఒకటిన్నర సెకను పోతుంది. మిగిలిన కాస్తలో కారు ఆగదు. ట్రాలీ 30 కిలోమీటర్ల వేగంతో కదులుతున్నా తేడా పెద్దగా లేదు, ఇంకో అర సెకను, ముప్పావు సెకను దొరుకుతుందంతే. అదే వెనక ఎర్ర దీపం వెలిగి ఉంటే తిన్నటి రోడ్డు మీద ఎంతో ముందే తెలుస్తుంది.

హెడ్‌లైటు పోతే తోలేవాడికి వెంటనే తెలుస్తుంది. హారన్ పోయినా తెలుస్తుంది. పాత బండ్లలో ఇండికేటర్ బల్బు పోతే టిక్కు టిక్కు శబ్దం వేగం పెరిగి ఆ సంగతి చెబుతుంది. బ్రేకు దీపం మాత్రం నెలల తరబడి చచ్చి ఉన్నా తోలేవాడి కంటికి రాదు. వెనకాల వచ్చేవాడికి కనబడుతుంది గానీ, అతను బండి ఆపి చెప్పడు, దాటేసి పోతాడు. కొన్ని కొత్త కార్లు బల్బు పోతే తామే హెచ్చరిస్తాయి. మా దగ్గర ఇంకా చాలానే తిరుగుతున్నవి ఏపీ 24 బండ్లు. సూర్యాపేట నల్గొండ జిల్లాలో, నల్గొండ ఉమ్మడి రాష్ట్రంలో ఉన్నప్పటివి. 2014 తర్వాతవి టీఎస్ 05, 2016 అక్టోబరులో మన జిల్లా ఏర్పడ్డాక టీఎస్ 29, 2024 నుంచి టీజీ. నంబరు ప్లేటు చూసి బండి వయసు చెప్పేయొచ్చు. ఏపీ 24 అంటే ఎంత తక్కువ లెక్కేసినా పదేళ్లు దాటిన బండి.

చట్టం మీకు నేను చెప్పాల్సింది కాదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 102వది ఈ దీపాల గురించే. లారీలు, ఆటోలు కొత్తలో రెండేళ్లకొకసారి, ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్‌కు వస్తాయి. సొంత కారు మాత్రం ఒకసారి రిజిస్ట్రేషన్ అయ్యాక 15 ఏళ్ల వరకు మీ ఇన్‌స్పెక్టరు ముందుకు రానక్కర్లేదు. ఆ తర్వాత మళ్లీ ఐదేళ్లకు. ఫిట్‌నెస్ నాడు వెలిగిన బల్బు మర్నాడే ఏ గుంతలోనో అదిరి తెగిపోవచ్చు. కాబట్టి కాగితం ఉన్నంత మాత్రాన దీపం ఉన్నట్టు కాదు.

ఇక్కణ్నుంచి కొంచెంసేపు మీ పక్కనుంచి బండ్ల యజమానులతో మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. ఈ భాగాన్ని కత్తిరించి మీ కార్యాలయం గోడకు అతికించినా నాకు అభ్యంతరం లేదు.

ముందు చూడ్డం. ఇంట్లో ఎవరినైనా బండి వెనక నిలబెట్టి బ్రేకు తొక్కండి. ఒక్కరే ఉంటే రాత్రిపూట బండి వీపు గోడకు తిప్పి నిలిపి, తొక్కుతూ అద్దంలో గోడ మీద వెలుగు చూడండి. లేదా సీటుకూ పెడల్‌కూ మధ్య కర్ర ముక్క ఇరికించి దిగి వెనక్కి వెళ్లండి. కొన్ని బండ్లకు తాళం తిప్పితేనే ఈ దీపాలు వస్తాయి, అది మరచిపోవద్దు. ఒక పక్కే పోయిందా, రెండు పక్కలా పోయాయా, ఒకటి వెలగాల్సిన చోట ఇంకోటి వెలుగుతోందా అన్నదాన్ని బట్టే సగం రోగం తెలిసిపోతుంది.

ఒక పక్కే పోతే ముందు బల్బు విప్పండి. చాలా పాత బండ్లలో లోపల రెండు తీగలుంటాయి. ఒకటి 5 వాట్లది, రాత్రిపూట ఊరికే వెలిగే టెయిల్ దీపానికి. రెండోది 21 వాట్లది, బ్రేకుకు. పెద్ద తీగ తెగి చిన్నది బాగుంటే రాత్రి వెనక దీపం మామూలుగానే కనబడుతుంది. 'నా బండికి లైటు ఉందిగా' అంటాడు యజమాని. ఉంది. బండి ఇక్కడుందని చెప్పే దీపం ఉంది, ఆగుతోందని చెప్పేది లేదు. కొత్త బల్బు కొనేటప్పుడు కొట్టులో పాతది చూపించి అడగండి. రెండు తీగల బల్బుకు పక్కనుండే రెండు బొడిపెలు ఒక ఎత్తులో ఉండవు, ఒకే తీగ బల్బుకు సమానంగా ఉంటాయి. ఎక్కడం లేదని తిప్పి బలవంతంగా దూర్చితే తీగలు తారుమారై, మామూలప్పుడు పెద్దది, బ్రేకు తొక్కినప్పుడు చిన్నది వెలిగే ప్రమాదం ఉంది.

బల్బు బాగుంటే హోల్డరు చూడండి. వెనక గ్లాసు పగిలి, ఆ పగులు గుండా వాన నీళ్లు దిగి, ఇత్తడి మీద పచ్చని చిలుం పట్టి ఉంటుంది. అడుగున ఉండే స్ప్రింగు చదునైపోయి బల్బుకు తగలదు. గరుకు కాగితంతో రుద్ది, స్ప్రింగును కాస్త పైకి లేపితే చాలాసార్లు పని అయిపోతుంది. గ్లాసు పగులు మాత్రం అలాగే వదిలేస్తే వచ్చే వానాకాలానికి మళ్లీ ఇదే కథ.

ఇక ఎర్త్. పాత బండి వెనక లైట్ల దగ్గర ఏ వింత జరిగినా నేను ముందు అనుమానించేది దీన్నే. బ్యాటరీ నుంచి బల్బుకు వచ్చే వైరు అందరూ చూస్తారు. బల్బు నుంచి బాడీ రేకు మీదుగా తిరిగి పోయే దారిని పట్టించుకునేవాళ్లు తక్కువ. రేకుకు బిగించిన బోల్టు దగ్గర తుప్పు పట్టినా, డెంటింగ్ పెయింటింగ్ చేయించినప్పుడు ఆ బోల్టు కిందా రంగు కొట్టినా దారి మూసుకుపోతుంది. అప్పుడు కరెంటు పక్క బల్బు గుండా దూరి పోవాలని చూస్తుంది. బ్రేకు తొక్కితే ఇండికేటర్ మినుకుమంటుంది, టెయిల్ దీపం వెలుగు తగ్గుతుంది, లైట్లు వేసి బ్రేకు తొక్కితే రెండూ ఆరిపోతాయి. ఇలాంటివి చూసి బల్బుల మీద బల్బులు మార్చడం డబ్బు దండగ. హోల్డరు బాడీ నుంచి బ్యాటరీ నెగెటివ్‌కు ఒక పొడుగు వైరు తాత్కాలికంగా కలిపి చూడండి. దీపం భగ్గుమంటే దోషం ఎర్త్‌దే. బోల్టు విప్పి, రంగు, తుప్పు గీకి, రేకు మెరిసేదాకా తెచ్చి బిగించి, పైన గ్రీజు రాయండి. మల్టీమీటర్ ఉన్నవాళ్లు బ్రేకు తొక్కించి, హోల్డరు ఎర్త్‌కూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య వోల్టేజీ చూడొచ్చు. 0.2 వోల్టులు దాటితే ఆ దారి బాగాలేనట్టే.

రెండు పక్కలా ఒకేసారి పోతే రెండు బల్బులు ఒకే రోజు చచ్చాయని అనుకోవద్దు. ఫ్యూజు చూడండి, తర్వాత స్విచ్చు చూడండి. రెండు 21 వాట్ల బల్బులకు 12 వోల్టుల మీద మూడున్నర ఆంపియర్ల కరెంటు చాలు. చాలా కార్లలో ఈ లైనుకు 10 లేదా 15 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది, కొన్నిటిలో హారన్ కూడా దాని మీదే నడుస్తుంది. కాబట్టి హారనూ బ్రేకు దీపాలూ కలిసి పోతే వెతుకులాట అక్కడే ఆపొచ్చు. కొత్త ఫ్యూజు వేయగానే అదీ ఎగిరిపోతే ఎక్కడో వైరు రేకుకు తగులుతోంది. అలాంటప్పుడు పెద్ద ఫ్యూజు వేయడం, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టడం నేను చూశాను. ఫ్యూజు బదులు వైరింగు కాలుతుంది, దాంతో బండి. డిక్కీ తలుపు కీలు దగ్గర వైర్లు తీసి వేసే కొద్దీ నలిగి తెగుతాయి, ముందు అక్కడ చూడండి. ఇంకో శత్రువు మాకు బాగా తెలిసినదే, ఎలుక. వడ్ల బస్తాలున్న ఇంటి ముందు వారం రోజులు కదలకుండా నిలిపిన కారు వైరింగును అది వదలదు.

స్విచ్చు బ్రేకు పెడల్ పైన, కాళ్ల దగ్గర తల దూర్చితే కనబడుతుంది. పెడల్ ఊరికే ఉన్నప్పుడు స్విచ్చు ముక్కును లోపలికి నొక్కి ఉంచుతుంది, తొక్కితే ముక్కు బయటికొచ్చి దీపం వెలుగుతుంది. దాని కప్లరు ఊడదీసి, అందులోని రెండు రంధ్రాలను చిన్న వైరు ముక్కతో కలపండి. దీపాలు వెలిగితే స్విచ్చు మార్చాలి, వెలగకపోతే దోషం వైరింగులో ఉంది. రెండుకు మించి వైర్లున్న కప్లరైతే ఈ పని మీరు చేయొద్దు, ఎలక్ట్రీషియన్‌కు వదిలేయండి. కొన్ని పాత జీపుల్లో ఈ స్విచ్చు పెడల్ దగ్గర ఉండదు. బ్రేకు ఆయిల్ పైపు మీద ఉండి ఆయిల్ ఒత్తిడికి పనిచేస్తుంది. గట్టిగా తొక్కితే తప్ప దీపం రాకపోతే అది అరిగినట్టు. అక్కడ ఆయిల్ తడి కనబడితే దీపం సంగతి తర్వాత, ముందు బండి తోలడం ఆపండి.

దీనికి తిరగబడ్డ రోగం కూడా ఒకటుంది, బ్రేకు తొక్కకపోయినా దీపాలు ఆరకపోవడం. పెడల్ మీద స్విచ్చు ముక్కు ఆనే చోట చిన్న రబ్బరు లేదా ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. ఏళ్లు గడిచి అది పొడిపొడిగా రాలిపోతే స్విచ్చు ముక్కు ఆ రంధ్రంలోకి దూరిపోతుంది. తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోయి ఉంటుంది. కారు కాళ్ల దగ్గర పట్టా మీద ప్లాస్టిక్ ముక్కలు కనబడితే ఊడ్చేసే ముందు ఆ బిళ్లను చూడండి. ఎప్పుడూ వెలిగే దీపం కూడా వెనకవాడికి ఏ కబురూ చెప్పదు.

మోటార్ సైకిళ్ల గురించి రెండు ముక్కలు. కాలి బ్రేకు దగ్గర స్విచ్చును లాగే చిన్న స్ప్రింగు ఊడిపోవడం, హ్యాండిల్ బ్రేకు దగ్గర స్విచ్చులో దుమ్ము చేరడం, ఎక్కువగా ఇవే. రెండు బ్రేకులనూ విడివిడిగా నొక్కి చూడాలి. ఇక ఎల్ఈడీ. మామూలు బల్బు తీగ వేడెక్కి పూర్తి వెలుగు రావడానికి సెకనులో అయిదో వంతు దాకా పడుతుంది, ఎల్ఈడీ వెంటనే వెలుగుతుంది. 80 కిలోమీటర్ల వేగం మీద అది వెనకవాడికి నాలుగు మీటర్ల లాభం. మంచిదే. కానీ రంగురంగులుగా మిణుకుమనే సరుకు కొని వెనక తగిలించేవాళ్ల మీద మాత్రం రవాణా అధికారి గారు చలానా రాస్తే సంతోషిస్తాను.

ఇప్పుడు మళ్లీ మీతో, ట్రాలీ గురించి. ట్రాక్టరు వెనక ఏడు పిన్నుల సాకెట్ ఉండేది ట్రాలీ కోసమే. రెండు ఇండికేటర్లు, రెండు టెయిల్ దీపాలు, బ్రేకు, ఎర్త్ అన్నీ అందులోంచే పోతాయి. మా దగ్గర ఆ సాకెట్‌లో మట్టి, సాలెగూళ్లు తప్ప ఇంకేమీ ఉండవు. ట్రాలీ చేసేది వెల్డింగ్ షాపులో. రేకు మందం, ఇరుసు, టైర్ల గురించి బేరమాడినంతసేపు దీపాల గురించి ఎవరూ మాట్లాడరు. దీపాలు పెట్టిన ట్రాలీకైనా తగిలించి విప్పే ప్రతిసారీ వైరు నలుగుతుంది, వడ్లు తిరగబోసేటప్పుడు తెగుతుంది. ఎర్త్‌కు వేరే వైరు వేయరు, ట్రాలీని లాగే పిన్ను గుండా ఇనుముకు ఇనుము తగిలి అదే వస్తుందనుకుంటారు. గ్రీజూ మట్టీ పట్టిన పిన్నును నమ్ముకున్న దీపం ప్రతి గుంతకూ ఆరి వెలుగుతుంది. ఇవన్నీ సరిగా ఉన్నా పైనుంచి వేలాడే పట్టా, వరిగడ్డి లోడైతే గడ్డి, దీపాలను కప్పేస్తాయి.

దీనికి యూరప్‌లో రైతులూ, చిన్న ట్రైలర్లు లాగేవాళ్లూ ఎప్పటినుంచో వాడుతున్న ఉపాయం ఉంది. రెండు పక్కలా దీపాలు బిగించిన ఒక బల్ల. దానికి పొడుగాటి వైరు, చివర ఏడు పిన్నుల ప్లగ్గు. లోడు కట్టాక, పట్టా బయట, వెనక తలుపుకు కొక్కేలతో తగిలిస్తారు. పొలంలోకి దిగేటప్పుడు తీసి ఇంట్లో పెడతారు. ఎర్త్ వైరు అందులోనే ఉంటుంది కాబట్టి పిన్నుతో పని లేదు. మన వెల్డింగ్ షాపువాళ్లు, ఆటో ఎలక్ట్రీషియన్లు కలిస్తే ఒక పూటలో చేయగలిగిన వస్తువు ఇది. రేడియం స్టిక్కరు దీనికి తోడుగా ఉండాలి. దానికి బ్యాటరీ అక్కర్లేదు, వైరు తెగదు. అయితే ట్రాలీ ఉందని చెబుతుందే గానీ ఆగుతోందని చెప్పలేదు.

కార్ల వెనక అద్దం దగ్గర మధ్యలో ఉండే మూడో బ్రేకు దీపం ఎలా వచ్చిందో ఇక్కడ గుర్తుచేయాలి. 1974లో శాన్ ఫ్రాన్సిస్కోలో జాన్ వోవోడ్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త టాక్సీలకు అలాంటి దీపం పెట్టి చూశాడు. వెనకనుంచి గుద్దించుకునే ప్రమాదాలు 60 శాతం దాకా తగ్గాయి. అమెరికా 1986 మోడల్ కార్ల నుంచి దాన్ని తప్పనిసరి చేసింది. జనం కళ్లు అలవాటు పడ్డాక లాభం తగ్గిపోయి, చివరికి నిలిచింది 4 శాతం పైచిలుకే అని ఆ దేశ రహదారి భద్రతా సంస్థే తర్వాత లెక్క తేల్చింది. అంత తగ్గినా పెట్టిన ఖర్చుకు చాలా రెట్లు గిట్టుబాటేనంది. రెండు దీపాలు సరిగా వెలిగే బండికి మూడోది చేర్చితే వచ్చిన లాభం అది. మా ట్రాలీకి ఇంకా మొదటిదే లేదు.

మీరు చేయగలిగినవి చెబుతాను. ప్రతి సీజన్‌కు ముందు కలెక్టరు గారు మిల్లర్లతో, సంఘాలతో, లారీల కాంట్రాక్టర్లతో ధాన్యం కొనుగోళ్ల మీద సమావేశం పెడతారు. గోనె సంచులు, తేమ యంత్రాలు, పట్టాలు, కాంటాలు అన్నీ చర్చకొస్తాయి. ఆ జాబితాలో ట్రాలీ వెనక దీపాలను కూడా చేర్పించండి. కొనుగోలు కేంద్రం దగ్గర బండ్లు ఎలాగూ గంటల తరబడి ఆగుతాయి. ఒక ఆటో ఎలక్ట్రీషియన్, ఒక పెట్టె బల్బులు, టెస్ట్ ల్యాంపు, వైరు చుట్ట, రేడియం రోలు ఉంటే సాయంత్రానికి ఒక కేంద్రం పని తేలిపోతుంది. బల్బు డబ్బులు యజమాని ఇస్తాడు, ఎలక్ట్రీషియన్ కూలి రోడ్డు భద్రత పద్దులోంచి ఇప్పించండి. మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోది కాబట్టి అక్కడి అధికారితో మాట్లాడి మిల్లుల గేట్ల ముందూ ఇదే పెట్టించండి. సన్నవడ్ల రోజుల్లో అక్కడ నిలిచే వరస మీకు తెలియంది కాదు.

ట్రాలీలు చేసే షాపులవాళ్లను ఒకసారి పిలిపించి, వైరింగు లేని ట్రాలీ రిజిస్టర్ కాదని తేల్చి చెప్పండి. అన్నిటికంటే ఇది గట్టి పని, మిగతావన్నీ ఏటా చేయాల్సినవి. లైసెన్సు పరీక్షకు వచ్చే పిల్లల చేత బండెక్కే ముందు ఒకసారి వెనక దీపం పరీక్ష చేయించండి. అలా చేస్తే పక్కవాణ్ని బ్రేకు తొక్కమని తాను వెనక నిలబడడం అలవాటవుతుంది. జనవరిలో సంక్రాంతి రద్దీ, జాన్‌పహాడ్ ఉర్సు దగ్గర దగ్గరగా వస్తాయి. అప్పుడు ట్రాలీల్లో వడ్ల బదులు మనుషులుంటారు. ఆ వారమైనా పాలకీడు దారిలో మీ జీపు ఒకటి ఉండాలి. ఇంత చేశాక కూడా మూడోసారి చీకటి ట్రాలీతో దొరికినవాడికి చలానా రాయండి, మేం అడ్డం రాము.

మొదలు పాలకీడు కొనుగోలు కేంద్రంతోనే పెట్టమని మా మనవి. జాగా, కరెంటు, చాయ్ మేం చూసుకుంటాం. మీ ఇన్‌స్పెక్టరును మాత్రం చీకటి పడ్డాకే పంపండి. నాలుగు గంటలకు వచ్చి ఎండలో చూసి పోతే ఏ ట్రాలీ దీపం వెలుగుతోందో, ఏది వెలగట్లేదో ఇరవై అడుగుల అవతలికి తెలియదు.

ఇట్లు,
పాలకీడు మండల వాసి